పట్టీ కింద ఇసుక

నాలుగు రోజుల ప్రయాణం ముగించుకుని వచ్చిన సాయంత్రం, నా కార్బన్ ఫ్రేము సైకిలును గోడకు ఆనించి సంచులు ఒక్కొక్కటిగా విప్పుతున్నప్పుడు, ఫ్రేములో సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య పైన ఉండే గొట్టం, అంటే టాప్ ట్యూబు, కింది వైపున బొటనవేలి గోరంత మచ్చ ఒకటి కంటబడింది. దాని చుట్టూ మెరుపు పోయి పాలిపోయినట్టు ఉంది. నడిమధ్యన రంగు పూర్తిగా లేచిపోయి, కింద ఉన్న కార్బన్ నేత నల్లగా బయటపడింది. బాధకంటే ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది, ఎందుకంటే బయలుదేరడానికి రెండు రోజుల ముందే ఆ ట్యూబుకు పారదర్శకమైన రక్షణ ఫిల్ము నా చేతులతోనే అతికించాను. ఆ ఫిల్ము చెక్కుచెదరలేదు. మచ్చ మాత్రం దాని అంచుకు ఒక వేలి వెడల్పు దూరంలో, ఏ రక్షణా లేని రంగు మీద ఏర్పడింది.

జరిగినదేమిటో గుర్తుకు తెచ్చుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. రెండో రోజు వాన పడింది, ఆ వానలోనే మట్టి దారి మీద ఆరు గంటలు తొక్కాను. ఫ్రేము మధ్య ఖాళీలో పట్టీలతో కట్టిన ఫ్రేము సంచిలో ఉన్న నీళ్లూ ఆహారమూ మధ్యాహ్నానికే చాలా వరకు అయిపోవడంతో బిగుతుగా ఉన్న సంచి వదులై, కొద్దికొద్దిగా ముందుకు జరిగింది. దానితో పాటు పట్టీ కూడా ఫిల్ము మీది నుంచి దిగి రంగు మీదికి వచ్చింది. మిగిలిన రెండున్నర రోజులూ అది అక్కడే ఉండి, నేను చూడని ప్రతి నిమిషమూ అరగదీసింది. ఫిల్ము అతికించాను కదా అన్న ధీమాతో ఆ రెండున్నర రోజుల్లో ఒక్కసారైనా పట్టీ విప్పి చూడకపోవడం నా తప్పు.

ఆ తరువాత ఈ విషయాన్ని గురించి ఓపికగా ఆలోచించి, రకరకాలుగా ప్రయత్నించి చూసిన మీదట నాకు కుదిరిన అభిప్రాయం ఇది: ఫ్రేమును అరగదీసేది సంచి బరువు కాదు, సంచి కదలిక. ఆ కదలికకు పదును పెట్టేది దుమ్ము. కనుక ముందు కదలికను ఆపాలి, తరువాత దుమ్మును తొలగించాలి, ఆ రెండూ దాటి వచ్చే ఒరిపిడిని తట్టుకోవడానికి మాత్రమే ఫిల్ము కావాలి. చాలామంది, నాతో సహా, ఈ వరుసను తలకిందులు చేసి ఫిల్ముతో మొదలుపెట్టి ఫిల్ముతోనే ఆగిపోతారు.

పట్టీలు సాధారణంగా నైలాన్‌తో నేసినవి. శుభ్రమైన నైలాన్ పట్టీ శుభ్రమైన రంగు మీద కదిలితే మెరుపు కొంత తగ్గవచ్చు గాని, ఒకటి రెండు రోజుల్లో రంగు లేచిపోవడం అరుదు. అయితే దారి మీది దుమ్ములోనూ ఇసుకలోనూ క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం ఉంటుంది. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కాఠిన్యపు కొలతలో దాని స్థానం 7. కిటికీ అద్దం 5.5 దగ్గర ఉంటుంది; ఫ్రేము రంగు మీద ఉండే పూత అద్దంకంటే ఎంతో మెత్తనిది. ఆ రేణువులు పట్టీ నేతలో ఇరుక్కున్నాయంటే పట్టీ గరుకు కాగితంగా మారిపోతుంది. వాన దీన్ని మరింత చెరుపు చేస్తుంది: సన్నని ఒండ్రును నీరు పట్టీకీ ట్యూబుకూ మధ్య ఉన్న సందులోకి లాక్కుపోతుంది, అక్కడ అది ముద్దగా నిలిచి, సానరాయి మీద నీళ్లు చల్లి గంధపు చెక్క అరగదీసినప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. కదలిక ఎంత చిన్నదైనా లెక్క మాత్రం పెద్దది. నిమిషానికి 80 సార్లు పెడళ్లు తిరుగుతాయనుకుంటే ఆరు గంటల్లో 28,800 సార్లు తిరుగుతాయి. ప్రతి తిప్పుకూ సంచి ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి ఊగుతుంది. పట్టీ ఒక్కో ఊపుకు ఒక మిల్లీమీటరు కదిలినా రోజు గడిచేసరికి అది ఫ్రేము మీద యాభై మీటర్లకు పైగా రాసుకున్నట్టే.

లోహపు ఫ్రేముకు కూడా ఇదే జరుగుతుంది కదా, కార్బన్‌కు ఇంత జాగ్రత్త ఎందుకు అన్న ప్రశ్న న్యాయమైనదే. ఉక్కు మీద రంగు పోతే తుప్పు పడుతుంది, అల్యూమినియం మీద పోతే లోహం బయటపడుతుంది. రెండింటిలోనూ అరుగుదల నెమ్మదిగా సాగుతుంది, చాలావరకు కంటికి కనిపిస్తుంది. కార్బన్ ట్యూబు నిర్మాణం వేరు. 5 నుంచి 7 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందమున్న, అంటే తలవెంట్రుకలో పదోవంతుకు అటూ ఇటూగా ఉండే పోగులను ఎపాక్సీ రెజిన్ అనే గట్టిపడే జిగురులో తడిపి, ఒక్కో పొరలో ఒక్కో దిశగా పరచి, అన్నిటినీ కలిపి గట్టిపరుస్తారు. బలమంతా ఆ పోగుల్లోనే, అదీ వాటి నిడివి దిశలోనే ఉంటుంది. రెజిన్ వాటిని ఒకచోట పట్టి ఉంచుతుంది. మొత్తం గోడ మందం చాలాచోట్ల ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. ఒరిపిడి ముందుగా పారదర్శక పూతను, తరువాత రంగును, ఆ తరువాత రెజిన్‌ను తినేసి పోగులను చేరుకుంటుంది. అక్కడ తెగిన పోగు తెగినదే, దాన్ని సొట్ట సరిచేసినట్టు సరిచేయడం కుదరదు. కొన్ని ఫ్రేముల్లో అన్నిటికంటే పైనున్న పొర అందం కోసం వేసిన నేత మాత్రమే, మరికొన్నింటిలో పై పొర కూడా భారం మోసేదే. ఏది ఏమిటో బయటి నుంచి చూసి చెప్పలేము కనుక పోగులు కనిపించే స్థితికి రానివ్వకపోవడమే క్షేమం.

అలాగని భయపడి సంచులే కట్టకుండా ఉండవలసిన అవసరమూ లేదు. కెనడాలోని బాన్ఫ్ నుంచి అమెరికా, మెక్సికో సరిహద్దు దాకా సుమారు 4,400 కిలోమీటర్లు సాగే టూర్ డివైడ్ అనే సైకిలు పందెంలో కార్బన్ ఫ్రేములకు సంచులు కట్టుకుని ఏటా ఎందరో తొక్కుతున్నారు. రంగు పోయినంత మాత్రాన ఫ్రేము పోయినట్టు కాదు. అయితే ఒరిపిడి వల్ల కలిగే నష్టాన్ని తయారీదార్లు సాధారణంగా వారంటీ కింద ఒప్పుకోరు, అది వాడకంలో సహజంగా వచ్చే అరుగుదల అంటారు. ఆ మాట అన్యాయమని నాకూ అనిపించదు.

కదలికను ఆపడం సామాను సర్దడంతోనే మొదలవుతుంది. ఫ్రేము సంచి ఫ్రేము ఖాళీకి సరిపోయేంత పెద్దదిగా ఉండాలి, దానిని నిండుగా సర్దాలి. సగం ఖాళీగా ఉన్న పెద్ద సంచి నిండుగా ఉన్న చిన్న సంచికంటే ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే లోపలి వస్తువులు కదిలిన ప్రతిసారీ గుడ్డ లాగబడి పట్టీని కూడా లాగుతుంది. నా విషయంలో జరిగినదీ అదే. ఇప్పుడు నీళ్లూ తిండీ తగ్గుతున్నకొద్దీ వాన కోటునో, పలుచని జాకెట్టునో ఆ ఖాళీలోకి కుక్కి, పట్టీలు మళ్లీ బిగిస్తాను. బరువైన వస్తువులు అడుగున, ఫ్రేము కింది వాలు గొట్టమైన డౌన్ ట్యూబుకు దగ్గరగా ఉండాలి. పంపు, పనిముట్లు వంటి లోహపు వస్తువులను సంచి గోడకు తగలకుండా మెత్తని గుడ్డలో చుట్టి పెట్టాలి. సంచి గుడ్డ వెనుక నుంచి ఒక పనిముట్టు మొన ట్యూబును ఒకేచోట ఒత్తుతూ పోవడం పట్టీ ఒరిపిడికంటే ప్రమాదకరం, పైగా బయటికి ఏమీ కనిపించదు.

పట్టీలు బిగించే వరుస కూడా ముఖ్యమే. ముందుగా సంచి ముందు మూలను హ్యాండిల్ కింద ఉండే పొట్టి గొట్టమైన హెడ్ ట్యూబు దగ్గర నిలబెట్టి ఆ పట్టీని బిగిస్తాను, తరువాత వెనుక సీటు కింది నిలువు గొట్టమైన సీటు ట్యూబు దగ్గరి పట్టీని, అప్పుడు సంచి ముందుకూ వెనుకకూ జరగదు. పైనున్న పట్టీలు ఆ తరువాతే. వెల్క్రో పట్టీలకు ఒకవైపు మెత్తని ఉంగరాలు, మరోవైపు గట్టి కొక్కేలు ఉంటాయి. స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ ద మెస్ట్రాల్ తన బట్టలకూ కుక్క బొచ్చుకూ అంటుకున్న ముళ్లకాయలను చూసి దీన్ని ఊహించాడంటారు, కాబట్టి ఆ కొక్కేల వైపు స్వభావం ముల్లు స్వభావమే. పట్టీ పొడవు ఎక్కువైనప్పుడు ఆ గరుకు వైపు ఫ్రేముకు తగిలేలా మడిచి చుట్టడం చాలామంది చేసే పొరపాటు. అదనపు పొడవును కత్తిరించడం మంచిది. కత్తిరించిన అంచును కొద్దిగా కాల్చి అతికితే దారాలు ఊడవు, అయితే కాల్చిన అంచు గట్టిపడి పదునెక్కుతుంది కనుక దాన్ని ఫ్రేము వైపు ఉంచకూడదు. పట్టీలకు బదులు సన్నని తాడుతో సంచిని ట్యూబుకు అల్లే పద్ధతి ఒకటుంది. అది సంచిని చక్కగా పట్టి ఉంచుతుంది, అందంగానూ ఉంటుంది, కానీ ఇసుక పట్టిన సన్నని తాడు రంపంతో సమానం. ఆ పద్ధతి పాటించేవారు తాడు తాకే మొత్తం నిడివికీ మందమైన ఫిల్ము వేసుకోవాలి. టాప్ ట్యూబు మీద బోల్టు రంధ్రాలున్న ఫ్రేము అయితే పైన పెట్టే చిన్న సంచికి పట్టీల గొడవే ఉండదు. బోల్టు బిగింపు 2, 3 న్యూటన్ మీటర్లకు (తిప్పే బలాన్ని కొలిచే ప్రమాణం ఇది) మించి సాధారణంగా అవసరం పడదు, అయినా ఫ్రేముతో వచ్చిన పుస్తకంలో ఉన్న అంకెకే కట్టుబడాలి.

ఇక ఫిల్ము ఎక్కడ వేయాలన్నది ఊహతో తేల్చుకోకూడదని నా మచ్చ చెప్పింది. ఇప్పుడు కొత్త సంచి కట్టినప్పుడల్లా ఒక చిన్న పరీక్ష చేస్తాను. అనుమానమున్న చోట్లన్నిటా రంగులు వేసేవారు వాడే కాగితపు మాస్కింగ్ టేపు ముక్కలను వెడల్పుగా అతికించి, పూర్తి సామానుతో సంచులు కట్టి, గతుకుల దారి మీద రెండు గంటలు తొక్కి వచ్చి విప్పి చూస్తాను. టేపు నలిగిన చోటు, మసిబారిన చోటు, చిరిగిన చోటు స్పష్టంగా కనిపిస్తాయి. వాటి చుట్టూ పెన్సిలుతో గీసుకుని, ఆ ముక్కలనే నమూనాలుగా వాడి ఫిల్ము కత్తిరిస్తాను. మొదటిసారి ఈ పరీక్ష చేసినప్పుడు నేను ఊహించని చోట్లు మూడు బయటపడ్డాయి: హ్యాండిల్ సంచి అడుగు తాకే హెడ్ ట్యూబు ముందు భాగం, సీటు సంచి ఊగినప్పుడు దాని కొస తగిలే వెనుక చక్రానికి రెండు పక్కలా దిగే సన్నని గొట్టాలైన సీటు స్టేల పై చివర, సంచి వెనుక మూలన జిప్పు లాగే చిన్న లోహపు తునక కొట్టుకునే సీటు ట్యూబు. ఆ లోహపు తునకను తీసేసి దారపు ముడి వేస్తే ఆ సమస్యకు ఫిల్ము అవసరమే లేకపోయింది. మాస్కింగ్ టేపును ఆ రోజే ఒలిచేయాలి. ఎండలో రోజుల తరబడి ఉంచితే జిగురు పట్టుకుంటుంది.

ఫిల్ములలో నేను నమ్మేది పాలీయురెథేన్‌తో చేసినదే. హెలికాప్టర్ రెక్కల ముందు అంచులను ఇసుక తాకిడి నుంచి కాపాడడానికి వాడే టేపు ఈ జాతిదే, అందుకే సైకిళ్లవారిలో దానికి హెలికాప్టర్ టేపు అన్న పేరు నిలిచిపోయింది. త్రీఎం కంపెనీ తయారుచేసే వాటిలో 8672 రకం సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం, 8671 రకం సుమారు 0.36 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. కార్ల రంగును కాపాడే పారదర్శక ఫిల్ములు సుమారుగా మొదటిదాని మందంలోనే వస్తాయి. పలుచనిది వంపుల మీద చక్కగా ఒదుగుతుంది, మందమైనది పట్టీల కింద ఎక్కువ కాలం నిలుస్తుంది. బరువు గురించి బెంగ అక్కరలేదు: 0.2 మిల్లీమీటర్ల మందంతో అరచేతి వెడల్పు ముక్క, అంటే పది సెంటీమీటర్ల చదరం, జిగురుతో కలిపి మూడు గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. పాలీయురెథేన్ గుణం ఏమిటంటే, అది గట్టిగా ఎదిరించదు, సాగి వెనుకకు వస్తుంది. ఇసుక రేణువు దాన్ని గీరడానికి బదులు ఒత్తి దొర్లిపోతుంది.

చేతికి అందే ఇతర టేపులతో నాకు మంచి అనుభవం లేదు. పెట్టెలు అతికించే పారదర్శక టేపు సాగదు, వంపు మీద ముడతలు పడుతుంది, దాని జిగురు పాతబడి పసుపెక్కుతుంది. కరెంటు తీగలకు చుట్టే టేపు ఎండకు కరిగిన జిగురును ఫ్రేము మీద వదిలి తాను పక్కకు జారిపోతుంది. గుడ్డ మీద బలమైన జిగురు పూసిన టేపు రంగును కూడా తనతో తీసుకుపోగలదు. టైరు లోపలి పాత ట్యూబు రబ్బరు ముక్కను పట్టీ కింద చుట్టడం పాత అలవాటే; అది జారకుండా పట్టు ఇస్తుంది, అందుకు నాకు ఇష్టమే, కానీ దాని అంచుల కింద ఇసుకా నీరూ చేరి బయటికి పోవు, లేత రంగు ఫ్రేముల మీద నల్లని మరకలు కూడా పడతాయి. అందుచేత రబ్బరును ఫిల్ము మీద మాత్రమే వాడతాను, నేరుగా రంగు మీద ఎన్నడూ కాదు. మైనం, సిరామిక్ పూతల ప్రకటనలు చూసి మోసపోవద్దు: అవి నీరు జారిపోవడానికి, మురికి తేలికగా వదలడానికి పనికివస్తాయి గాని, కొన్ని మైక్రాన్ల మందమైనా దాటని పొర ఇసుక పట్టిన పట్టీకి అడ్డు కాలేదు. పైగా వాటి మీద ఫిల్ము జిగురు సరిగా అంటుకోదు.

అతికించడంలో ఓపికదే పెద్ద పాలు. ముందుగా సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరాక ఐసోప్రొపిల్ ఆల్కహాలులో తడిపిన మెత్తని గుడ్డతో తుడవాలి. వేలి ముద్రల నూనె కూడా మిగలకూడదు. ఫ్రేము మీది పేర్లూ గీతలూ పూత కింద ఉన్నాయో పైన ఉన్నాయో గోటితో తడిమి చూడాలి. అంచు గోటికి తగిలిందంటే అది పైన అతికించినది, దాని మీద ఫిల్ము వేస్తే తరువాత ఫిల్ముతో పాటు అదీ ఊడి వస్తుంది. ముక్కలను కత్తిరించేటప్పుడు మూలలను గుండ్రంగా కత్తిరించాలి, మొనదేలిన మూలే మొదట లేస్తుంది. కత్తిరింపులన్నీ ఫ్రేము మీద పెట్టకముందే పూర్తి కావాలి. ఫ్రేము మీద ఫిల్ము పరచి బ్లేడుతో అంచు కోయడం వంటి తెలివితక్కువ పని మరొకటి ఉండదు, ఒరిపిడి నెలల్లో చేసేదాన్ని బ్లేడు క్షణంలో చేస్తుంది.

నీళ్లలో రెండు మూడు చుక్కలు పసిపిల్లల షాంపూ కలిపి పిచికారీ సీసాలో పోసుకుంటాను. ఫ్రేము మీద, ఫిల్ము జిగురు వైపున, వేళ్ల మీద కూడా చల్లుకుంటే ఫిల్ము వెంటనే అంటుకోకుండా జారుతూ, సరైన చోటికి జరుపుకునే వీలు ఇస్తుంది. స్థానం కుదిరాక మధ్య నుంచి అంచుల వైపు మెత్తని ప్లాస్టిక్ రేకుతో నీటిని తోసేయాలి. వంపు ఎక్కువగా ఉన్న చోట జుట్టు ఆరబెట్టే యంత్రంతో, చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడి మాత్రమే తగలనివ్వాలి. రంగు ఊడగొట్టడానికి వాడే వేడి గాలి యంత్రం రెజిన్‌ను మెత్తబరచగలదు కనుక దాని జోలికి పోకూడదు. ఫిల్మును బాగా సాగదీసి అతికిస్తే అప్పటికి అందంగా ఉంటుంది గాని, అది తన పాత కొలతకు తిరిగి రావాలని లాగుతూ కొన్నాళ్లకు అంచుల దగ్గర లేస్తుంది. చిన్న నీటి బుడగలు మిగిలితే కంగారు పడనక్కరలేదు, చాలావరకు కొద్ది రోజుల్లో వాటంతట అవే ఆరిపోతాయి. సంచులు కట్టే ముందు కనీసం ఒక పూర్తి రోజు ఆగాలి. మెరుపు లేని మ్యాట్ రంగు ఫ్రేములకు మ్యాట్ ఫిల్మే వాడాలి. ఆ రంగుల విషయంలో మరో చిక్కు కూడా ఉంది: ఇసుక లేకపోయినా వట్టి గుడ్డ ఒరిపిడికే అవి నునుపెక్కి మెరుస్తాయి, ఆ మెరుపును మళ్లీ మ్యాట్‌గా మార్చడం ఇంట్లో అయ్యే పని కాదు. కనుక మ్యాట్ ఫ్రేము ఉన్నవారు ఫిల్ము వేయకుండా ఒక్కరోజు కూడా సంచి కట్టకపోవడం మంచిది.

ముక్క కొలత విషయంలో నేను పిసినారితనం మానుకున్నాను. పట్టీ వెడల్పుకు అటు ఒక అంగుళం, ఇటు ఒక అంగుళం ఎక్కువగా ఫిల్ము ఉండాలి, ట్యూబు చుట్టూ మూడువంతులైనా చుట్టి రావాలి. పట్టీ అంచూ ఫిల్ము అంచూ ఒకేచోట పడితే ఫిల్ము అంచు ఒక చిన్న గట్టులా పనిచేసి ఇసుకను అక్కడే ఆపుతుంది. అప్పుడు ఫిల్ము లేనప్పటికంటే ఆ గీత వెంట అరుగుదల ఎక్కువవుతుంది. బాగా ఒత్తిడి పడే చోట్ల మొదటి పొర మీద పట్టీకి సరిపడే రెండో చిన్న పొర వేస్తాను. అది అరిగినప్పుడు దాన్ని మాత్రమే మారుస్తాను, కింది పొరను కదిలించను.

ఫ్రేము మీదే దృష్టి పెట్టి మిగిలిన కార్బన్ భాగాలను మరిచిపోవడం తేలిక. సీటు సంచి పట్టీ చుట్టుకునేది సీటును మోసే కడ్డీకి, అంటే సీటు పోస్టుకు. సంచి ఊగినప్పుడల్లా పోస్టు చుట్టూ అది రాసుకుంటుంది. బయటికి కనిపించే భాగానికి ఫిల్ము చుట్టుకోవచ్చు గాని, ఫ్రేము లోపలికి దిగే భాగానికి చుట్టకూడదు, అక్కడ ఆ మందం బిగింపును చెడగొడుతుంది. సీటు అడుగున ఉండే పట్టాలు కార్బన్‌వి అయితే, అవి సాధారణంగా లోహపు పట్టాలలా 7 మిల్లీమీటర్ల గుండ్రని కడ్డీలు కాక 7కు 9 మిల్లీమీటర్ల కోలగా ఉంటాయి, వాటి మీది నుంచి పోయే పట్టీ దగ్గర కూడా ఒక చుట్టు రక్షణ అవసరం. సీటు సంచిలో బరువైనవి పోస్టుకు ఆనుకునేలా, తేలికైనవి తోక వైపు సర్ది, సంచిని గాలి లేకుండా చుట్టి బిగిస్తే ఊపు చాలావరకు తగ్గుతుంది. హ్యాండిల్ సంచి చేసే హాని మరో రకం: అది బ్రేకు, గేరు కేబుళ్లను వెనుకకు నెట్టి హెడ్ ట్యూబుకు ఒత్తుతుంది. ఆ కేబుళ్ల తొడుగు గట్టిది, తాకే చోటు సన్నని గీత, కనుక అక్కడ రంగు పోవడానికి ఒక్క వాన రోజు చాలు. సంచికీ హ్యాండిల్‌కూ మధ్య స్పాంజి దిమ్మెలు పెట్టి సంచిని ముందుకు జరపడం, కేబుళ్లకు మెత్తని రబ్బరు తొడుగులు వేయడం, హెడ్ ట్యూబు మీద ఫిల్ము ముక్కలు వేయడం, ఈ మూడూ కలిపి చేస్తేనే ఫలితం ఉంటుంది.

ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విషయంలో నా అభిప్రాయం కాస్త కఠినమైనది. బోల్టు రంధ్రాలు లేని కార్బన్ ఫోర్కు కాళ్లకు గొట్టాలు బిగించే ఉక్కు పట్టీలతో సామాను బిగించేవారిని చూశాను. కింద ఎన్ని పొరల ఫిల్ము వేసినా ఇది ఒరిపిడి సమస్య కాదు, నొక్కుడు సమస్య. కార్బన్ ట్యూబు నిడివి వెంట ఎంత బలమైనదైనా చుట్టూ నొక్కితే బలహీనమే. రంధ్రాలున్న ఫోర్కుకు కూడా తయారీదారు చెప్పిన పరిమితి ఉంటుంది, చాలావాటి మీద ఒక్కో వైపు 3 కిలోలన్న అంకె కనిపిస్తుంది. అలాగే వెనుక చక్రం పక్కనుండే సన్నని స్టేలకు బిగింపులతో క్యారియర్ తగిలించడం కూడా కూడదు.

దారిలో చేయవలసినది చాలా కొద్ది. రోజూ సాయంత్రం పట్టీలన్నీ విప్పి, తడి గుడ్డతో పట్టీ లోపలి వైపునూ ఫ్రేమునూ తుడిచి, ఆరనిచ్చి, మరునాటి ఉదయం మళ్లీ కడతాను. మొత్తం పది నిమిషాల పని. పొడి గుడ్డతో తుడిస్తే ఉన్న ఇసుకతో మనమే ఫ్రేమును గీరినట్టవుతుంది కనుక ముందు నీళ్లు పోసి ఇసుకను కారిపోనివ్వాలి. వాన రోజున అయితే మధ్యాహ్నం ఆగినప్పుడు కూడా సీసాలోని నీళ్లను పట్టీల మీద పోస్తాను. తొక్కుతుండగా కొత్తగా కిర్రుమన్న చప్పుడు వస్తే అది సంచి కదులుతున్నదనడానికి గుర్తు, సాయంత్రం దాకా ఆగకుండా అప్పుడే దిగి బిగించాలి. ప్రయాణం లేని రోజుల్లో సంచులను ఫ్రేముకు కట్టి ఉంచను.

ఇంత చేసినా మచ్చ పడితే ముందు అది ఎంత లోతుదో చూడాలి. గది దీపం ఆర్పి, టార్చి వెలుతురును ఏటవాలుగా పడేలా చేస్తే పూత మీది గీత ఏదో, దిగబడిన గాడి ఏదో తేలికగా విడివడి కనిపిస్తాయి. దూది ఉండతో ఆ చోట మెల్లగా రాస్తే పీచు ఎక్కడైనా చిక్కుకుందంటే పోగులు తెగాయని అర్థం. నాణెంతో తట్టి చప్పుడు వినే పద్ధతి కూడా ఉంది. చుట్టుపక్కల గలగలమన్న చోట మధ్యలో మొద్దు చప్పుడు వస్తే పొరలు విడిపోయి ఉండవచ్చు. అయితే గోడ మందం మారిన ప్రతిచోటా చప్పుడూ మారుతుంది కనుక దాని మీద మాత్రమే ఆధారపడి ఫ్రేము బాగుందని నిర్ణయించను. పూత, రంగు మాత్రమే పోయి ఉంటే శుభ్రం చేసి, ఆరనిచ్చి, పారదర్శకమైన లక్కరు పలుచగా రెండు మూడు సార్లు వేసి, పైన ఫిల్ము వేయడం సరిపోతుంది. ఎపాక్సీ రెజిన్ అతినీలలోహిత కిరణాలకు క్రమంగా క్షీణిస్తుంది కనుక దాన్ని బట్టబయలుగా ఎండలో వదిలేయకూడదు. పోగులు తెగితే, గాడి గోటికి లోతుగా తగిలితే, దగ్గరలో బీట కనిపిస్తే తొక్కడం ఆపి కార్బన్ మరమ్మతు తెలిసినవారికి చూపించాలి, అల్ట్రాసౌండ్‌తో లోపలి పొరలను పరీక్షించే పరికరాలు వారిలో కొందరి దగ్గర ఉంటాయి. నునుపు చేద్దామని గరుకు కాగితంతో రుద్దడం మాత్రం వద్దు. మిగిలిన పోగులు కూడా తెగుతాయి, ఆ నల్లని ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

నా ఫ్రేము మీది మచ్చను మరమ్మతు తెలిసిన మనిషికి చూపించాను. పోగులు తెగలేదనీ, రెజిన్ పై పొర మాత్రమే అరిగిందనీ చెప్పాక లక్కరు వేసి, దాని మీద మందమైన ఫిల్ము చుట్టాను. అప్పటి నుంచి ప్రతి ప్రయాణం తరువాత మచ్చ పక్కన చిన్న కొలబద్ద పెట్టి ఫోటో తీసి పాతవాటితో పోల్చుకుంటున్నాను. ఫిల్ము పై ముక్కను ఇప్పటికి రెండుసార్లు మార్చవలసి వచ్చింది, ఒకసారి వానలో, ఒకసారి నా బద్ధకం వల్ల. మచ్చ మాత్రం ఆ రోజు కొలిచినప్పుడు ఎంత ఉందో అంతే ఉంది, 14 మిల్లీమీటర్లు.